నా ముక్కు కోసం ఆగిన పడవలు

మనుషులకి సగం మొహమే ఉన్న కాలం అది. పై సగం చూసి కింది సగం ఊహించుకోవాలి. ఎదుటి మనిషి నవ్వుతున్నాడో, లోపల తిట్టుకుంటున్నాడో కళ్ళని బట్టి కనిపెట్టాలి. ఇప్పుడు తలుచుకుంటే అదంతా వేరే జన్మలో జరిగినట్టుంటుంది గానీ, ఆనాటి గుడ్డ మాస్కులు రెండు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. పొయ్యి మీది కూరగిన్నె దించడానికి అంతకంటే మంచి గుడ్డ దొరకదు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మా ఆయన కామెర్లతో పోయి ఏడాదిన్నర. ఆయన ఉన్నన్నాళ్ళు ఆయన వేటకి పోయేవాడు, నేను ఇల్లు చూసుకునేదాన్ని. చేపల గంప నెత్తికెత్తుకుని ఊళ్ళు తిరిగిన మనిషిని కాదు. ఆయన పోయి నెల తిరగ్గానే మా అత్త తన పాత గంప కడిగి తెచ్చి నా ముందు పెట్టింది. నేను రెండో తరగతి దాటినదాన్ని కాదు కాబట్టి, ఇదంతా నేను చెప్తుంటే మా పాప రాస్తోంది. (తప్పులుంటే దానివి. అబద్ధాలుంటే నావి.)

మాది మైపాడు దగ్గర సముద్రపొడ్డు పాలెం. తెల్లారగానే పడవలు ఒడ్డుకొస్తాయి, ఇసుక మీదే చేపల కుప్పలకి వేలంపాట పెడతారు, ఆడవాళ్ళం పాడుకుని గంపలకెత్తుకుని పైన వరి పండే ఊళ్ళకి పోయి అమ్ముకొస్తాం. ఈ పనిలో కాళ్ళకంటే, నోటికంటే ముందు కావాల్సింది ముక్కు. మా అత్త నాకు నేర్పిన మొదటి పాఠం అదే. ఐసులో పెట్టిన చేప కన్ను నాలుగు రోజులైనా నిగనిగలాడుతుంది, కన్నుని నమ్మకూడదు. మొప్ప ఎత్తి ముక్కు ఆనించి చూడాలి, మొప్ప దాచలేదు. మా అత్త ముక్కు ఒకప్పుడు చుట్టుపక్కల పాలేలకి పేరున్న ముక్కు. ఈ చేప రాత్రి వలలోదా, తెల్లవారుజాము వలలోదా చెప్పేదట. నలభై ఏళ్ళు నశ్యం పీల్చి పీల్చి ఆ ముక్కుని తనే చంపుకుంది. ఇప్పుడు ఎదురుగా చేప కుళ్ళినా ఆమెకి తెలియదు. మా పాప అప్పటికి ఆరేళ్ళది. అంటే మా ఇంట్లో ముగ్గురికీ కలిపి పనికొచ్చే ముక్కు ఒకటే, అది నాది. గంప మోయడం మొదలుపెట్టిన ఏడాదిలోపే పైఊళ్ళ అమ్మలు నన్ను నమ్మడం మొదలుపెట్టారు. వాళ్ళు చేపని చూడరు, నన్ను చూస్తారు. నేను మొప్ప ఎత్తి వాసన చూసి తల ఊపితే తీసుకుంటారు.

కరోనా అనే మాట మా పాలేనికి టీవీలోంచి వచ్చింది. ఆ వెనకే పోలీసు జీపు వచ్చి పడవలు ఇసుక మీదికి ఎక్కించేయమంది. కొన్నాళ్ళు అంతా బందు. తరవాత చిన్న పడవలకి పొమ్మని చెప్పారు, మూతికి గుడ్డ కట్టుకోవాలన్నారు. మా మగవాళ్ళు నవ్వారు. ఉప్పుగాలికి ఇనుప లంగరే తుప్పు పట్టిపోతుంది, కంటికి కనిపించని పురుగెంత అన్నారు. ఒకాయన పోలీసుల కోసమని చిన్న కన్నుల వలలోంచి ముక్క కత్తిరించి మూతికి చుట్టుకున్నాడు. అడిగితే, ఇందులోంచి రొయ్య పిల్ల కూడా పోదు, పురుగెట్టా పోతుందని వాదించాడు. ఆడవాళ్ళం పైటకొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళం, మాట్లాడాల్సి వచ్చినప్పుడు తీసేసేవాళ్ళం. (మాట్లాడనిదెప్పుడు అని మీరు అడగొద్దు.)

అప్పుడు వచ్చింది తుపాకక్క. ఆమె ఆశా కార్యకర్త, బిడ్డల టీకాలకని అంతకుముందూ మా పాలేనికి వచ్చేది. పైఊళ్ళో సేద్యం చేసుకునే ఇంటి కోడలు, ఎండుచేప మాదిరి సన్నటి మనిషి. ఎండలో అంతదూరం నడిచి వచ్చేది. నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే తుపాకీ ఒకటి ఆమె చేతికిచ్చారు, దాంతో ఆ పేరు పడింది. మొదటిసారి అది గురిపెట్టినప్పుడు మా వీధిలో ముసలమ్మ ఒకామె రెండు చేతులూ పైకెత్తింది. మా అత్త మాత్రం బెదరలేదు. కాల్చేదుంటే మోకాళ్ళ మీద కాల్చమని, నొప్పులన్నా పోతాయని చెప్పింది. తుపాకక్క రోజూ వచ్చేది, రోజూ గడపగడపకీ అదే మాట చెప్పేది, రోజూ మావాళ్ళు తలలూపి ఆమె వీపు తిరగ్గానే కొంగులు దించేవాళ్ళు. పది రోజులు చూసింది. పదకొండో రోజు ఇళ్ళ వైపు రాలేదు. నేరుగా వలలు బాగుచేసుకునే పాక దగ్గరికి పోయి, అక్కడున్న మా పెద్దకాపు ఎదురుగా, అల్లంత దూరంలో ఇసుకలో కూర్చుంది.

పెద్దకాపంటే మా పాలేనికి పెద్ద. ఆయనా, ఆయనతో కూర్చునే నలుగురు పెద్దలూ ఒక మాట అనుకుని దండోరా వేయిస్తే దాన్ని దురాయి అంటాం. సర్కారు మాట వినకపోతే జరిమానా కట్టి బయటపడొచ్చు. దురాయి దాటితే ఒడ్డున మనతో ఎవరూ మాట్లాడరు. తుపాకక్క ఆ పూట కరోనా ఊసే ఎత్తలేదు. నేను అక్కడే వల అంచుకి కట్టే సీసపు గుళ్ళు ఏరుతూ ఉన్నాను కాబట్టి విన్నాను.

"పెద్దకాపు గారూ, నాలుగేళ్ళుగా మీ పాలేనికి వస్తా ఉండా. నేను చెప్పింది ఒక్కరూ వినలా. మీరు చెప్పింది ఒక్కరూ దాటలా. ఆ కిటుకేందో నాకూ చెప్పండి" అంది.

పెద్దకాపు మీసం సవరించుకున్నాడు. ఆ సాయంత్రమే దండోరా పడింది. మూతిగుడ్డ లేనివాళ్ళు పాట దగ్గరికి రాకూడదు. వస్తే వాళ్ళ చేపకి పాట పాడరు, వాళ్ళకి చేప ఇవ్వరు. నెల రోజులు జీపులు తిరిగి చేయలేని పని ఒక్క రాత్రిలో అయిపోయింది. మైపాడు బజారులో జాకెట్లు కుట్టే సాయిబు ఉన్నాడు, తుపాకక్క చెప్పిందని రాత్రంతా కూర్చుని తన దగ్గర మిగిలిన లైనింగు గుడ్డంతా మాస్కులు కుట్టి పంపాడు. అందుకని మర్నాడు మా ఒడ్డు చూడాలి. నల్లటి, కండలు తిరిగిన మగవాళ్ళు గులాబీ రంగు, చిలకపచ్చ, నిమ్మపండు రంగు మూతులతో పడవలు దించుతున్నారు. వల ముక్క కట్టుకున్నాయనకి వంకాయ రంగు వచ్చింది. ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా తెలియదనుకోండి. ఆ సన్నటి మనిషి ఒక్క ప్రశ్నతో ఇంత పని చేయించిందే అని నేను ఆ రోజంతా ఆమెనే చూశాను.

మాస్కు వల్ల నాకు జరిగిన మేలొకటి చెప్పాలి. అంతవరకు పాటలో నా నోరు పెగిలేది కాదు, పక్కామెతో పాడించుకునేదాన్ని. మొగుడు పోయినదానివి, అందరిలో ఏం అరుస్తావు అని ఎవరో అన్నట్టే ఉండేది, ఎవరూ అనకపోయినా. మొహం సగం కప్పేసరికి ఆ సిగ్గు కూడా కప్పుకుపోయింది. మొదటిరోజే నేను గొంతెత్తి పాడితే పాట పెట్టే ఆయన అటూ ఇటూ చూశాడు, ఏ మగవాడు పాడాడా అని. (నా గొంతు అప్పటినుంచే ఇట్టా బొంగురు. పుట్టుకతో వచ్చింది కాదు.)

ఇక మా అత్త సంగతి. సాయిబు కుట్టిన మాస్కుని ఆమె వెలుతురుకి పెట్టి చూసి పెదవి విరిచింది. ఒట్టి గుడ్డ ఏం ఆపుతుంది, ఉప్పూ కారం లేని కూర మాదిరి ఉంది అంది. ఒక పక్క కుట్లు విప్పి, రెండు పొరల మధ్యన కర్పూరం బిళ్ళలు నాలుగు పొడి చేసి, వేయించిన వాము, ఎండబెట్టిన వేపాకు నలిపి పోసి, నీలగిరి తైలం ధారగా వేసి, మళ్ళీ కుట్టింది. అది కట్టుకుని ఒడ్డుకి పోతే నా కళ్ళలోంచి ఒకటే నీళ్ళు. చూసినవాళ్ళు, పాపం మొగుణ్ణి తలుచుకుని ఇంకా ఏడుస్తోంది అనుకుని పాటలో నా మీద పోటీకి రాలేదు. రెండు రోజులు నాకు మంచి మంచి కుప్పలు పడ్డాయి. నేనూ కాదని చెప్పలేదు. (పైనుంచి మా ఆయన నవ్వుకునే ఉంటాడు.)

నాలుగో రోజు తెల్లారి ఒక కానాగంత చేప మొప్ప ఎత్తి, మాస్కు కిందికి లాగి ముక్కు ఆనించాను. ఏమీ లేదు. ఇంకో చేప చూశాను. ఏమీ లేదు. ఒడ్డున నిలబడితే వచ్చే నాచు కంపు, పడవల డీజిలు, పక్కనున్నామె కొప్పులో మల్లెపూలు, ఏవీ లేవు. లోకాన్ని ఎవరో కడిగి ఆరేసినట్టుంది. ముందురోజే టీవీలో చెప్పారు, వాసన తెలియకపోతే అనుమానించాల్సిందే అని. చేతిలో చేపని కుప్పలో పడేసి వెనక్కి జరిగాను.

ఎందుకంత భయమంటే, అంతకు వారం ముందే మా పక్క పాలెంలో ఒకాయనకి వచ్చింది. వీధికి అడ్డంగా సరుగుడు కర్రలు కట్టేశారు, పడవలు కదలనివ్వలేదు. మాకు రెండు నెలల ఆకలి తరవాత అప్పుడప్పుడే కానాగంతలు దగ్గరికొచ్చాయి. పడవ పోతేనే పొయ్యి వెలుగుతుంది ప్రతి ఇంట్లో. నేను నోరు తెరిచి చెప్పానా, నా ఒక్క ముక్కు కోసం పాలెం మొత్తానికి కర్రలు కడతారు. చెప్పకపోతే ఇంట్లో ముసలామె, పసిబిడ్డ. అటూ ఇటూ తేల్చుకోలేక నేను చేసిన పని ఏమిటంటే, మాస్కు పైకి లాక్కుని, గంప నెత్తికెత్తుకుని అమ్మకానికి పోయాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. రాయి పాపా, పర్వాలేదు.

పైఊళ్ళో నేను మొదట పోయేది మిద్దింటమ్మ దగ్గరికి. ఆమెకి మాగాణి ఉంది, నలుగురికి అన్నం పెట్టే ఇల్లు. చేపంటే ప్రాణం, కానీ వాసన తేడా వస్తే ఆమెకి రెండు రోజులు కడుపులో తిప్పుతుంది. నేను గేటుకి దూరంగానే గంప దించాను. ఎప్పటిలాగే ఆమె నా వైపు చూసింది. నేను ఎప్పటిలాగే మొప్ప ఎత్తాను, మాస్కు దించాను, ముక్కు ఆనించాను, తల ఊపాను. నా జీవితంలో అంత పెద్ద నాటకం నేను ఎప్పుడూ ఆడలేదు. ఆమె పళ్ళెంలో వేయించుకుని లోపలికి పోయి, రెండు నిమిషాల్లో మళ్ళీ బయటికి వచ్చింది. కోపంగా లేదు. అదే నన్ను చంపింది.

"ఇది నిన్నటి చేపమ్మా. నీకు తెలియకుండా ఎట్టా ఉంటాది?" అంది.

చేప వెనక్కి తీసుకుని, మిగతా ఊరు తిరగకుండా, గంప మొత్తం దారిలో పీతల కాలవలో దిమ్మరించి ఇంటికొచ్చేశాను. దారి పొడుగునా ఒకటే లెక్క, ఆమె గేటుకి నాకు ఎన్ని అడుగుల దూరం ఉంది, పళ్ళెం ఇచ్చేటప్పుడు నా చెయ్యి ఆమెకి తగిలిందా లేదా.

ఇంటి బయటే నిలబడి మా అత్తకి చెప్పాను. ఆమె నమ్మలేదు. పాపని వెనక దోవన పక్కింటికి పంపి, నాకు పరీక్షలు పెట్టింది. ఎండు నెత్తళ్ళ బుట్ట తెచ్చి గడప మీద పెట్టి దూరం జరిగింది. నేను పోయి వాసన చూసి లేదన్నాను. కిరసనాయిలు సీసా తెచ్చింది. లేదన్నాను. చివరికి మూడు రోజుల నాటి రొయ్య తొక్కల కుప్ప ఉంటే, దాన్ని చేటలో పోసి తెచ్చింది. అది తెస్తుంటే వీధి చివర కుక్క లేచి నిలబడింది. నేను చేటలో మొహం పెట్టి కూడా, లేదత్తా అన్నాను. పీల్చి సరిచూద్దామంటే ఆమె ముక్కు ఎప్పుడో పోయె. ఇద్దరం ఆ చేటకి చెరోపక్కన కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పకుండా నేను పాత పాకలో ఉండిపోతానని, నాలుగు రోజులు గడిస్తే అదే పోతుందని, పడవలు ఆగిపోతే అందరూ మనల్నే అంటారని ఏదేదో అన్నాను. ఆమె నశ్యం డబ్బా తీసి, మళ్ళీ బొడ్లో దోపుకుంది.

"పడవలు ఈ పొద్దు ఆగితే రేపు పోతాయిమే. మనుషులు పోతే తిరిగి రారు. నా కొడుకుని చూసినావు గదా" అంది. "లెయ్. పెద్దకాపుకి చెప్పాల."

కొడుకు పోయాక ఆయన మాట ఆమె నోట రావడం అదే మొదలు. నేను లేచాను.

పెద్దకాపు ఇంటికి మా ఇంటికి మధ్యన పడవలు నిలిపే మైదానం ఉంది. నేను ఈ చివర, ఆయన ఆ చివర. మధ్యలో గాలి. బొంగురు గొంతు అప్పుడు పనికొచ్చింది. నాకు వాసన తెలియట్లేదు మామా, అని అరిచాను. వీధిలో ఉన్నవాళ్ళందరూ నిలబడిపోయారు. ఆయన చేతిలో ఉన్న తాడు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను. ఆయన చేసింది ఏమిటంటే, మర్నాటి వేటకి సిద్ధం చేస్తున్న తన పడవలోంచి వల దింపించాడు. సర్కారు రాకముందే, ఎవరూ కర్రలు కట్టకముందే, తన పడవ ముందు ఆపాడు. తరవాత నా వైపు తిరిగి గట్టిగా చెప్పాడు.

"చెప్పినావు, మంచి పని చేసినావు. ఇంట్లోకి పో. కూడు మేం పంపిస్తాం."

దండోరా వేయాల్సిన పని కూడా పడలేదు. ఆ సాయంత్రం ఒడ్డున అన్ని పడవల్లోంచీ వలలు దిగాయి. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎవరూ మా ఇంటి వైపు చూసి గొణగలేదు. గొణిగి ఉంటే నాకు బాగుండేదేమో, అట్టా ఊరకే పని చేసుకుంటూ పోతుంటే చూడలేక కిటికీ మూసేశాను. రాత్రికి మా గడప ముందు ఆరు గిన్నెలు చేరాయి. ఒకరు చేపల పులుసు, ఒకరు రొయ్యల ఇగురు, ఎవరో పాపకని బెల్లం బూరెలు. అన్ని కూరలు వరసగా పెట్టుకుని ఒక్కదాని వాసనా తెలియకుండా తిన్న మనిషిని ఈ సముద్రపొడ్డున నేనొక్కదాన్నే అయుంటాను. మా అత్త మాత్రం పక్క గదిలోంచి, నాకు ఇరవై ఏళ్ళుగా ఇదే బతుకు అంది.

పెద్దకాపు కబురు పంపితే తెల్లారి తుపాకక్క వచ్చింది. తెల్లటి ప్లాస్టిక్ అంగీ తొడుక్కుని, లోపల చెమటతో తడిసి ముద్దయిపోయి, నడిచే వచ్చింది. ఆ దుస్తుల్లో ఆమెని ఆటో ఎక్కించుకోలేదట. ముందు నేను ఎవరెవర్ని కలిశానో అడిగి రాసుకుంది. మిద్దింటమ్మ పేరు దగ్గర నా నోరు ఆగిపోయింది. తుపాకక్క కలం పట్టుకుని ఊరకే ఎదురుచూసింది. చెప్పాను, నాటకంతో సహా. ఆమె రాసుకుంది. పరీక్ష బండి పైన రోడ్డు మీద ఆగి ఉందని, నన్ను దూరంగా నడిపించుకుపోయి ముక్కులో పుల్ల పెట్టించింది. (అది మెదడు దాకా పోయిందని ఇప్పటికీ నా నమ్మకం.) వెనక్కి వచ్చాక, వాడిన మాస్కు ఇంట్లో ఉంచకూడదు, ఈ సంచిలో వెయ్యమంది. నేను తీసి వేశాను. సంచి మూతి కట్టబోతూ ఆమె దాని మీదికి వంగింది. తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. రెండు మాస్కులు, పైన అద్దం లాంటి తొడుగు, అన్నీ దాటుకుని ఆ ఘాటు ఆమెకి తగిలింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏం పెట్టినారమ్మా ఇందులో?" అంది.

మా అత్త గడపలోకి వచ్చి, కొత్త కోడలికి వంట చెప్పినట్టు గర్వంగా వరసగా చెప్పింది: కర్పూరం ఇంత, వాము ఇంత, వేపాకు, నీలగిరి తైలం చివర్లో. ఎన్ని రోజులు కట్టుకున్నావని తుపాకక్క నన్ను అడిగింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగు రోజులన్నాను. ఆమె ఆ తెల్లటి అంగీతోనే ఇసుకలో చతికిలబడింది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి. కర్పూరం అంత పీలిస్తే ఏనుగు ముక్కయినా మొద్దుబారుతుందని, అయినా ఫలితం వచ్చేదాకా ఇల్లు కదలొద్దని చెప్పింది. నవ్వినంత నవ్వి మళ్ళీ ఆ మాట చెప్పడం మర్చిపోలేదు చూడండి, అది నాకు ఆమెలో నచ్చేది. మిద్దింటమ్మ ఇంటికి కూడా పోయి అదే చెప్పొచ్చిందట.

రెండో రోజు మధ్యాహ్నం, పడుకుని ఉండగా, ఏదో కంపు తగిలింది. ఎక్కడిదా అని లేచి వెతికాను. మా అత్త పరీక్షకి తెచ్చిన రొయ్య తొక్కల చేట, గడప పక్కనే, అట్టాగే ఉంది. ఆ కంపుకి నేను చేతులెత్తి దండం పెట్టాను. వీధిలో వాళ్ళు రెండు రోజులుగా ముక్కులు మూసుకుని తిరుగుతున్నారని, రోగం ఉన్న ఇల్లు కదా అని ఎవరూ చెప్పలేదని తరవాత తెలిసింది. ఆ సాయంత్రమే ఫలితం వచ్చింది. ఏమీ లేదు.

ఏమీ లేకపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది నాకు. రోగం వచ్చి ఉంటే జాలిపడేవాళ్ళు. కర్పూరం పీల్చి పాలెం మొత్తాన్ని రెండు రోజులు పస్తు పెట్టినదాన్ని ఏమంటారు? పెద్దలు కూర్చున్నారని కబురొస్తే, ఉరికంబానికి పోయినట్టు పోయాను, నా వెనక మా అత్త. మనిషికీ మనిషికీ బారెడు దూరంలో గులాబీ మూతి, పచ్చ మూతి, వంకాయ రంగు మూతి, అందరూ నా వైపే చూస్తున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. తరవాత పెద్దకాపు గొంతు సవరించుకుని, ఇకమీదట మూతిగుడ్డలో ఎవరైనా కర్పూరం గానీ వాము గానీ, వంటింటి సామాను ఏదైనా గానీ పెడితే దురాయి దాటినట్టే అని చెప్పాడు. అంతే. మా అత్త మాత్రం ఊరుకోలేదు, లవంగం కూడానా అని అడిగింది. అప్పుడు పగిలింది నవ్వు. మూతులు కనపడకపోయినా, అంతమంది పొట్టలు ఒక్కసారి ఊగడం నేను చూశాను. వంకాయ మూతి ఆయన తాడు పట్టుకుని వంగిపోయాడు.

మర్నాడు పడవలు పోయాయి. గంప ఎత్తుకుని మొదట మిద్దింటమ్మ దగ్గరికే పోయాను, క్షమాపణ ఎట్టా అడగాలో దారంతా నేర్చుకుంటూ. ఆమె గేటు దగ్గరికి వచ్చింది, మాస్కుతో. నేను నోరు తెరవకముందే, మీ తుపాకక్క వచ్చి అంతా చెప్పిందమ్మా, నేనూ రెండు రోజులు గదిలో కూర్చున్నాను, నా కోడలు ఆ రెండు రోజులు నాకు వంట చేసిపెట్టింది, పెళ్ళయ్యాక మొదటిసారి, నీకెంత రుణపడ్డానో నీకు తెలియదు అంది. నేర్చుకున్న క్షమాపణ అట్టాగే మిగిలిపోయింది నాకు.

ఇది ఇక్కడితో అయిపోతే ఒట్టి నవ్వులాటే. కానీ ఆ మరుసటి ఏడు ఆ జబ్బు మళ్ళీ వచ్చింది, ఈసారి నిజంగానే మా పాలెంలోకి వచ్చింది. చుట్టుపక్కల చాలాచోట్ల జనం దాచారు. పరువనీ, పనిపోతుందనీ, కర్రలు కడతారనీ దాచి, ఇంటింటికీ అంటించుకున్నారు. మా దగ్గర మొదట చెప్పింది ఎవరనుకున్నారు? పెద్దకాపే. ఒక పొద్దున ఆయన తన గుమ్మంలోంచే మైదానం అవతలున్న మాకు వినబడేట్టు అరిచాడు.

"నాకు వచ్చిండాది. ఎవురూ ఇటు రావొద్దు. పడవలు ఆపండి."

పడవలు ఆగాయి. ఆ ఇంటి ముందు గిన్నెలు చేరాయి, అందులో ఒకటి నాది. ఆ తరవాత ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఆ పూటే చెప్పేవాళ్ళు. చెప్తే తిట్టరని అందరికీ తెలిసిపోయింది కదా. తుపాకక్క రాసుకోలేక చేతులు నొప్పి పుట్టాయని చెప్పుకునేది, సంతోషంగా. ఇద్దరు ముసలివాళ్ళు పోయారు, పోలేదని అనను. పెద్దకాపు మాత్రం ఇరవై రోజులకి లేచి, కర్ర పట్టుకుని ఒడ్డుకొచ్చాడు.

ఇప్పటికీ పాటలో ఎవరైనా నన్ను ఆటపట్టించాలంటే, పడవలాపినదానివి నువ్వే కదమ్మా అంటారు. నేను నవ్వి కుప్ప పాడుకుంటాను. ఒంటరిగా పైఊరికి నడిచేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఆ పిల్ల గుర్తుకొస్తుంది. ముప్పై నిండనిది, నెత్తిన గంప, మూతికి గుడ్డ, కడుపులో భయం, ఎవరికీ చెప్పకుండా అదే దారిన గబగబా నడిచిపోతున్నది. దాన్ని ఆపి, గంప దింపి, చెప్పేయిమే, ఎవురూ ఏమీ అనరు, అని చెప్పాలనిపిస్తుంది. వినేది కాదులెండి. మొండిది, నాకు తెలుసు.